‘బ్లాక్’ నొక్కేవారిపై చర్యలు తీసుకోవాలి

హనుమకొండ నయీంనగర్‌లో జిరాక్స్, ఆన్‌లైన్ పనుల దుకాణం నడుపుకుంటున్న ఒక యువకుడు కొంతకాలంగా సాగిస్తున్న సంఘవిద్రోహ కార్యకలాపాల గురించి అధికార యంత్రాంగానికి ఇప్పటివరకు ఏ సమాచారమూ లేకపోవడం ఆందోళన కలిగించే విషయం. ఆదాయ ధ్రువపత్రానికో, పహాణీ నకలుకో, మనుమరాలి హాల్ టికెట్ ప్రింటుకో వచ్చిన పెద్దల ఫోన్లను చేతిలోకి తీసుకుని, బ్రౌజరు తెరిచి, వెబ్‌సైట్లు పంపే నోటిఫికేషన్లను అతడు పట్టపగలు అందరి కళ్లెదుట ఆపివేస్తున్నాడు. కాగితం ప్రింటుకు కచ్చితంగా డబ్బు లెక్కపెట్టి తీసుకునే మనిషి ఈ పనికి మాత్రం పైసా ముట్టడు. డబ్బు తీసుకుని ఉంటే బతుకుదెరువని సరిపెట్టుకోవచ్చును. ఉచితంగా చేస్తున్నాడంటే దీని వెనుక ఏదో సిద్ధాంతం ఉన్నదనే అనుమానించవలసి వస్తుంది.

తాము ఏమి పోగొట్టుకుంటున్నారో ఆ పెద్దలకు తెలిసినట్టు లేదు. దరఖాస్తే చేయని అప్పు మంజూరైందని అర్ధరాత్రి దాటాక లేపి మరీ చెప్పేవారు ఈ రోజుల్లో ఎవరున్నారు? అప్పు మాటెత్తితే సొంత తమ్ముడు కూడా సిగ్నల్ లేదంటూ ఫోన్ పెట్టేసే కాలమిది. మోకాళ్ల నొప్పికి వైద్యులు దాచిపెట్టిన చిట్కా, ధనుస్సు రాశి వారికి ఈ వారం తలుపు తట్టబోయే ధనలక్ష్మి, మనం ఒక్క సినిమా కూడా చూసి ఎరగని నటి విడాకుల వెనుక అసలు కారణం, ఇవన్నీ అడగకుండానే అరచేతిలో పెట్టే సంస్థలను కాదనుకోవడం కృతఘ్నత కాక మరేమిటి?

నేను ప్రత్యక్షంగా చూసిన ఒక ఉదంతాన్ని పాఠకుల ముందుంచుతాను. పర్వతగిరి వైపు నుంచి వచ్చిన ఒక మిర్చి రైతు, ఎనుమాముల మార్కెట్లో చపాటా మిర్చికి జెండా పాట ఎంత పలికిందో చూద్దామని ఎండాకాలం మొదట్లో ఏదో ఒక సైటు తెరిచాడట. ధర కనిపించేలోపే చిన్న పెట్టె ఒకటి అడ్డం వచ్చి, నోటిఫికేషన్లు చూపడానికి అనుమతి కావాలన్నది. దాని కింద ఒకవైపు ‘బ్లాక్’, మరొకవైపు ‘అలో’. ఒప్పుకుంటే గాని ధర చూపదు కాబోలునని ఆయన ‘అలో’ నొక్కాడు. తీరా కనిపించిన ధర నిరుటిది. అనుమతి మాత్రం ఈనాటికీ తాజాగానే ఉన్నది.

“గంటగంటకు టింగుటింగుమంటది బిడ్డా. మిర్చి ముచ్చట ఒక్కటి లేదు. మోటరు కాడ ఉండి, కరెంటోళ్ల మెసేజేమో అనుకోని గట్టు మీదికి ఉరికొచ్చి చూస్తే, రమ్మీ ఆడుమంటది” అని ఆయన ఫిర్యాదు.

“నువ్వే అలో కొట్టినవ్ గదా కాకా” అన్నాడు దుకాణం యువకుడు.

“ధర చూపెట్టుమని కొట్టిన. ఇంట్ల కూసోమని కొట్టలె.”

ఈ సమాధానం విన్నవారికి మన గ్రామాలలో ఒప్పంద చట్టంపై అవగాహన ఎంత అడుగంటిందో అర్థమవుతుంది. దేనికి అనుమతి, ఎంతకాలానికి అనుమతి అన్న ప్రశ్నలు ఆ పెట్టెలో లేవు. లేని ప్రశ్నలకు జవాబు చెప్పానని రైతు అనుకుంటే తప్పు పెట్టెది కాదు.

సుబేదారిలో ఉండే ఒక విశ్రాంత గణిత అధ్యాపకుడి కథ ఇంకొక రకం. ఆయనకు ఒక సైటు తెరమీద చక్రం తిప్పుతూ, మీరు రోబో కాదని నిరూపించుకోవడానికి ‘అలో’ నొక్కండి అన్నది. జీవితమంతా పిల్లల చేత సిద్ధాంతాలు నిరూపింపజేసిన మనిషికి తన మనుష్యత్వాన్ని నిరూపించుకొమ్మంటే పౌరుషం రాదా? నొక్కాడు. ఆ మరునాటి నుంచి ఆయన కంప్యూటరులో కుడివైపు కింది మూల ఒక ఎర్ర గుర్తు లేచి, మీ యంత్రంలో 5 వైరస్‌లు ఉన్నాయి, వెంటనే శుభ్రం చేయించండి అని హెచ్చరించసాగింది. కంప్యూటరే తన బాధ చెప్పుకుంటున్నదని భావించిన మాస్టారు, ఆ ఎర్ర గుర్తు చూపిన చోట డబ్బు కట్టడానికి కార్డు కూడా బయటికి తీశారు. అంతలో ఈ దుకాణదారు అడ్డుపడి, ఆ హెచ్చరికలోనే సన్నని అక్షరాలతో ఉన్న వరుసను వేలితో చూపాడు. అక్కడ పంపినవారి చిరునామా ఉంటుందట. ఉన్నది కూడా, నోరు తిరగని హల్లుల గుంపు, చివర ఒక చుక్క, రెండు మూడు అక్షరాలు. “సార్, ఇది మీ కంప్యూటర్ చెప్పుడు కాదు, ఆ సైటోడు చెప్పుడు. రోబో కాదని చూసే అసలు పరీక్షకు ఈ అలోతోని పనే ఉండది” అన్నాడు. ఇంత మేలు చేస్తూ తన పేరును కంటికి కనిపించనంత చిన్నగా వేసుకున్న గుప్తదాతను ఆ విధంగా నలుగురిలో బయటపెట్టడం ఏ సంస్కారమో పాఠకులే నిర్ణయించాలి.

సైటు మూసేసినా ఈ గంట ఎలా మోగుతున్నదన్నది చాలామందికి ఉన్న సందేహం. ఇందులో మాయ లేదు, నిష్ఠ ఉన్నది. గూగుల్ క్రోమ్ 2015 ఏప్రిల్‌లో విడుదల చేసిన 42వ వెర్షన్‌తో ఈ సౌకర్యం కల్పించింది. అనుమతి దొరకగానే సైటు తన తరఫున ‘సర్వీస్ వర్కర్’ అనే చిన్న ప్రోగ్రామును బ్రౌజరులో నిలుపుకుంటుంది. కబురు పంపదలచినప్పుడు సైటు దానిని బ్రౌజరు కంపెనీ వారి సర్వరుకు అందిస్తే, అక్కడి నుంచి అది మన ఫోనుకు చేరి, నిద్రపోతున్న ఆ వర్కరును లేపి, మనను కూడా లేపుతుంది. ట్యాబు మూసినా, హిస్టరీ తుడిచినా ప్రయోజనం లేదు. మనం ఏమి చూశామో చెరిగిపోతుంది గాని, ఇచ్చిన మాట చెరగదు. హనుమకొండ గ్రంథాలయంలో గ్రూప్స్ పరీక్షలకు కూర్చున్న అభ్యర్థులు ఉద్యోగ ప్రకటనల ఆశతో ఎన్ని సైట్లకు మాట ఇచ్చారో వారికే గుర్తుండదు, సైట్లకు గుర్తుంటుంది.

మన గడ్డకు వర్తకులను ఆదరించిన చరిత్ర ఉన్నదని కూడా ఈ సందర్భంలో గుర్తుచేయక తప్పదు. ఓరుగల్లు నేలిన గణపతిదేవుడు 1244లో మోటుపల్లి రేవులో అభయ శాసనం వేయించి, ఓడ పగిలి ఒడ్డుకు కొట్టుకువచ్చిన వర్తకుల సరుకును పూర్వపు రాజుల వలె స్వాధీనం చేసుకోబోనని, నిర్ణీత సుంకం మాత్రమే తీసుకుంటానని సముద్రాంతర వ్యాపారులకు మాట ఇచ్చాడు. అటువంటి ప్రభువు పాలించిన చోట ఈనాడు ఒక జిరాక్సు దుకాణం వర్తకుల కబుర్లను వాకిట్లోనే ఆపేస్తున్నది. శాసనంలో సుంకం చెల్లించవలసినవాడు వర్తకుడే కదా అని చరిత్ర అధ్యాపకుడొకరు అన్నారు. అటువంటి సూక్ష్మాలలోకి ఇప్పుడు వెళ్లడం అనవసరం.

ఈ నేరం ఎలా జరుగుతున్నదో వివరంగా రాయడం నా బాధ్యత. తెలియక ఎవరైనా అదే దారిన వెళ్లి, పొరపాటున ప్రశాంతత పాలయ్యే ప్రమాదం ఉన్నది గనుక జాగ్రత్తగా చదివి, ఈ పనులలో ఏదీ చేయకుండా ఉండండి. ఫోనులోని క్రోమ్‌లో పైమూలన నిలువుగా ఉన్న మూడు చుక్కలను నొక్కి, సెట్టింగ్స్‌లోకి వెళ్లి, సైట్ సెట్టింగ్స్, అందులో నోటిఫికేషన్స్ తెరిస్తే, అనుమతి పొందిన సైట్ల జాబితా మొత్తం బయటపడుతుంది. కంప్యూటరులో అయితే సెట్టింగ్స్ తరువాత ప్రైవసీ అండ్ సెక్యూరిటీ అనే గది ఒకటి అదనంగా దాటాలి. పైన ఉన్న మీట ఆపేస్తే ఇకమీదట ఏ సైటూ కొత్తగా అడగదు. అయితే పాత అనుమతులు దానితో పోవు. ఈ ఒక్క విషయం తెలియక ఎందరో మీట ఆపి, గంట ఆగలేదని వాపోతూ, మన పక్షానే మిగిలి ఉన్నారు. ఆ యువకుడు మాత్రం జాబితాలోని పేర్లను ఒక్కొక్కటిగా పట్టుకుంటాడు. పట్టుకుని కూడా ‘రిమూవ్’ అనడు, ‘బ్లాక్’ అంటాడు. రిమూవ్ చేసిన సైటు మళ్లీ వెళ్లినప్పుడు మళ్లీ అడగవచ్చునట, బ్లాక్ చేసినదానికి అడిగే హక్కు కూడా ఉండదట. ఫైర్‌ఫాక్స్ వాడేవారికి ప్రైవసీ అండ్ సెక్యూరిటీలో పర్మిషన్స్ కింద ఇదే పని చేసిపెడతాడు. మనుమడు అమెరికా నుంచి మెయిల్ పంపితే తెలియాలని మాస్టారు కోరితే, ఆ ఒక్కదానికి ‘అలో’ ఉంచాడు. ఎవరు మోగాలో ఎవరు మోగకూడదో ఇంటివారే తేల్చుకోవడం అనే దుష్ట సంప్రదాయం ఈ విధంగానే మొదలవుతుంది.

ఇతని వెనుక పెద్ద తలకాయలు ఉన్నాయి. ఫైర్‌ఫాక్స్ తయారుచేసే మొజిల్లా వారు 2019లో తమ లెక్కలు బయటపెట్టి, ఒక నెలలో 145 కోట్ల సార్లు ఈ పెట్టె జనం ముందు కనిపిస్తే సుమారు 2.37 కోట్ల సార్లు మాత్రమే ‘అలో’ పడిందని ప్రకటించారు. ఒక్కరు సరేనంటే అరవై మంది కాదన్నారు లేదా పట్టించుకోలేదు. వినయశీలుడైన వర్తకుడు అరవై ఇళ్లలో తిరస్కారం పొంది అరవై ఒకటో ఇంటి తలుపు తడుతున్నాడని జాలిపడవలసింది పోయి, 2020 జనవరిలో వచ్చిన ఫైర్‌ఫాక్స్ 72 ఆ పెట్టెనే దాచేసి, చిరునామా పట్టీలో చిన్న గుర్తుగా కుదించింది. మరుసటి నెలలో క్రోమ్ 80 కూడా చప్పుడు లేని పెట్టెను తెచ్చింది. ఆ జూలైలో వచ్చిన క్రోమ్ 84, మోసపుచ్చి అనుమతి గుంజే సైట్లపై చర్యలు మొదలుపెట్టింది. 2024లో గూగుల్ వారు తమ పిక్సెల్ ఫోన్లతో మొదలుపెట్టి, నోటిఫికేషన్ మీదనే ‘అన్‌సబ్‌స్క్రైబ్’ అనే బొత్తాన్ని వేలాడదీశారు. సెట్టింగ్స్ చిట్టడవిలోకి వెళ్లే శ్రమ కూడా లేకుండా పోయింది. 2025 అక్టోబరులో గూగుల్ ఒక అడుగు ముందుకు వేసి, మనం ఈమధ్య పట్టించుకోని సైట్ల అనుమతిని క్రోమే స్వయంగా తీసివేస్తుందని ప్రకటించింది. నోటిఫికేషన్లలో నూటికి ఒక్కదానిని కూడా జనం ముట్టుకోవడం లేదన్నది దానికి చెప్పిన కారణం. ముట్టుకోనంత మాత్రాన అవసరం లేదని ఎలా అంటారు? ఇంటింటా దుమ్ము పట్టి ఉన్న నిఘంటువుల సంగతేమిటి?

కనుక ప్రభుత్వానికి నా విన్నపాలు ఇవి. ‘అలో’ ఇప్పటివలెనే ఒక్క వేలి తాకిడితో, చదవకుండా నొక్కే వీలుతో కొనసాగాలి. ‘బ్లాక్’ నొక్కదలచినవారు మాత్రం ఇద్దరు గెజిటెడ్ అధికారుల సంతకాలు, నోటరీ చేయించిన ప్రమాణపత్రం, ఆధార్ నకలు మూడు ప్రతులు, గత ఆరు నెలలలో తాము చదవకుండా తోసేసిన నోటిఫికేషన్ల పట్టిక జతచేసి, మీసేవలో టోకెన్ తీసుకుని దరఖాస్తు చేసుకోవాలి. అభ్యంతరాలు ఏమైనా ఉంటే తెలుపవలసిందిగా సంబంధిత సైట్లకు నెల రోజులు గడువు ఇవ్వాలి. విచారణ పూర్తయిన తరువాత వెలువడే మంజూరు ఉత్తర్వును దరఖాస్తుదారుకు నోటిఫికేషన్ ద్వారా మాత్రమే పంపాలి. దానిని అందుకోవడానికి దరఖాస్తుదారు ముందుగా ‘అలో’ నొక్కి ఉండాలి.