రాబోయే ప్రదర్శనల పట్టిక గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ కళా మ్యూజియం రాబోయే ప్రదర్శనల, ఉత్సవాల పట్టిక గారికి ఒక సాధారణ సందర్శకుడు నమస్కరించి వ్రాయు విన్నపం.

గోడల మీద ఏమున్నదో చెప్పే బాధ్యత మీది కాదు. ఏది రానున్నదో, ఎప్పుడు వెళ్లిపోనున్నదో చెప్పడమే మీ పని. దానిని మీరు ఎంత నేర్పుగా చేస్తున్నారంటే, బొమ్మకన్నా ముందు దాని ఆఖరి తేదీని చదవడం మాకు అలవాటైపోయింది. శాశ్వత సేకరణ అన్న మాట చెవిన పడగానే మాకు గొప్ప నిశ్చింత కలుగుతుంది. శాశ్వతమే కదా, ఈ జన్మలో ఎప్పుడో ఒకప్పుడు చూడవచ్చునని ఆ గది పక్కనుంచే నడిచి మీరు చూపిన హాలులోకి వెళ్లిపోతాము.

పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదని పెద్దలు ఊరికే అనలేదు. ఆమ్‌స్టర్‌డామ్‌లోని రైక్స్ మ్యూజియంలో 2023లో మీ ప్రతాపాన్ని లోకమంతా చూసింది. పదిహేడో శతాబ్దపు డచ్ చిత్రకారుడు వెర్మీర్ గీసినవిగా నేటికి మిగిలిన సుమారు 37 చిత్రాలలో 28 ఒక్కచోటికి చేరేసరికి టికెట్లు కొద్ది రోజులలోనే అయిపోయాయి, దాదాపు 6,50,000 మంది తరలివచ్చారు. ఆ 28లో నాలుగు, పాలు పోస్తున్న పనిమనిషి చిత్రంతో సహా, ఆ మ్యూజియం సొంతవే. జూన్ 4తో ముగింపు అని మీరు ప్రకటించగానే ఆ ఇంటివాళ్లకు కూడా అతిథి మర్యాదలు దక్కాయి.

వెళ్లిపోవడంలోని మహత్తును మీకన్నా బాగా చాటినవాడు ఒక దొంగ. 1911 ఆగస్టులో పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియం నుంచి మోనాలిసా మాయమైంది. మ్యూజియం మళ్లీ తెరిచాక జనం బారులు తీరి, ఆ చిత్రం వేలాడిన చోట మిగిలిన ఖాళీ గోడను చూసి వెళ్లారు. ముగింపు తేదీ గాని, ప్రాయోజకుల చిహ్నాలు గాని, ప్రారంభోపన్యాసం గాని లేకుండా అంత జనాన్ని రప్పించిన ప్రదర్శన మీ జాబితాలో ఇంకొకటి ఉన్నదా?

మీ తొందరంతా బూటకమని నేను అనను. నీటిరంగుల చిత్రాలు, కాగితం మీది ముద్రణలు వెలుతురు తగిలితే వెలిసిపోతాయి కనుక, వాటిని సాధారణంగా 50 లక్స్ (వెలుతురును కొలిచే ప్రమాణం) మించని మసక వెలుగులో కొన్ని నెలలు మాత్రమే ఉంచి తిరిగి చీకటి గదికి పంపుతారు. అరువు తెచ్చిన చిత్రమైతే బీమా, ప్రత్యేకమైన పెట్టె, వెంట వచ్చే ఉద్యోగి, ఏళ్ల ముందే కుదిరిన ఒప్పందం ఉంటాయి. గడువు దాటితే పంపక తప్పదు. ఇదంతా న్యాయమే. కాని వెలుతురుకు చెక్కుచెదరని రాతి విగ్రహాన్ని సొంత నిల్వ గదిలోంచి తెచ్చి "మరికొన్ని రోజులే" అని ఎర్ర అక్షరాలలో వ్రాయడం మీకే చెల్లింది.

ఉత్సవాల సంగతి క్లుప్తంగా మనవి చేస్తాను. మే 18న అంతర్జాతీయ మ్యూజియం దినోత్సవం జరపాలని 1977లోనే నిర్ణయించారు. ఆ ఒక్క దినం మీకు చాలలేదు. రాత్రి సంగీతం, నృత్యం, పిల్లల మట్టిబొమ్మల శిక్షణ, అన్నీ బాగానే ఉన్నాయి. అయితే కుర్చీలు వేదిక వైపు వేస్తారు కనుక, వచ్చినవారందరూ చిత్రాలకు వీపు చూపి కూర్చుంటారు.

ఇంత హడావిడిలో మేము చూసేది ఎంతో 1961లోనే తేలింది. న్యూయార్క్‌లోని ఆధునిక కళా మ్యూజియంలో ఫ్రెంచ్ చిత్రకారుడు మాటిస్ కాగితం కత్తిరించి చేసిన పడవ చిత్రం తలకిందులుగా 47 రోజులు వేలాడింది. చివరకు ఒక సందర్శకురాలు పట్టించుకుని చెప్పేదాకా అది అలాగే ఉన్నది. గడువు లోపల వచ్చామన్న తృప్తి మాత్రం ఎవరికీ తగ్గి ఉండదు.

కావున నా కోరిక ఒక్కటే. వచ్చే జాబితాలో శాశ్వత సేకరణను కూడా చేర్చి, గదికొక ముగింపు తేదీ వేయండి. జనం తప్పక వస్తారు. ఆ తేదీ దాటాక బొమ్మలు అక్కడే ఉన్నాయేమని ఎవరైనా నిలదీస్తే, "ప్రేక్షకుల కోరికపై పొడిగించడమైనది" అన్న వాక్యం మీ దగ్గర ఎలాగూ సిద్ధంగా ఉన్నది.

ఇట్లు,
మీ గడువులకు బద్ధుడైన
ఒక సందర్శకుడు