సైబీరియా రిటర్న్ గూడబాతు

మన చెరువుల్లో వాలే ప్రతి పెద్ద పక్షీ సైబీరియా నుంచే వచ్చి ఉండాలి. ఈ నిబంధన వన్యప్రాణి సంరక్షణ చట్టంలో ఎక్కడా లేదు. అయినా గైడ్లూ, విలేకరులూ, ప్రారంభోత్సవాలకు వచ్చే నాయకులూ ఇంత నిష్ఠగా పాటించే నిబంధన ఇంకొకటి లేదు.

చలికాలంలో నేలపట్టు పక్షుల కేంద్రం, పులికాట్ సరస్సు ప్యాకేజీ టూర్‌కి వెళ్లినవారికి ఇది అనుభవమే. ముందురోజే ఆకుపచ్చ చొక్కాలూ, టోపీలూ కొంటాం. పక్షులకు మనం కనపడకూడదు కదా! (మన స్పీకర్లో పాట మాత్రం వాటికి వినపడొచ్చు.) దొరవారిసత్రం దగ్గర దిగి, వాచ్ టవర్ ఎక్కగానే గైడు చెట్లవైపు చెయ్యి చూపించి, "అంతా సైబీరియానే సార్" అంటాడు. అందరి ఫోన్లూ ఒక్కసారి పైకి లేస్తాయి.

ఆయన చూపించేవి గూడబాతులు, అంటే పెలికాన్లు. పుట్టుక, పెంపకం, కాపురం అన్నీ ఇటువైపే. చెరువు నిండితే వస్తాయి, నీళ్లలో నిలబడ్డ కడప అనే రకం చెట్ల మీద గూళ్లు కడతాయి, పులికాట్ దాకా వెళ్లి చేపలు తెస్తాయి. పిల్ల తల్లి నోటి సంచిలోకి మెడ దాకా దూరిపోయి, రెక్కలు కొట్టుకుంటూ, లోపల ఉన్నదంతా లాగేస్తుంది. తల్లి నోరు తెరుచుకుని అలాగే నిలబడుతుంది. సైబీరియా మంచులో ఈ సంసారం ఒక్క వారం సాగదు. వీటి రెట్ట కలిసిన నీళ్లు పొలానికి బలమని చుట్టుపక్కల రైతులకు ఎప్పటినుంచో తెలుసు. కానీ ఊళ్లోనే ఉండి ఊరికి పనికొచ్చే కుర్రాడికి పిల్లనెవరిస్తారు? "అబ్బాయి బయట ఉంటాడు" అనాలి. అప్పుడే కాఫీ లోపలినుంచి వస్తుంది. గూడబాతుకూ అదే చిక్కు.

సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోట వెళ్లే రోడ్డుకు అటూ ఇటూ ఫ్లెమింగోలు తల తలకిందులుగా నీళ్లలో ముంచి మేస్తుంటాయి. మన దేశంలో ఇవి పెద్దఎత్తున గుడ్లు పెట్టేది గుజరాత్‌లోని కచ్ రణ్‌లో. ఆ లెక్కన గుజరాతీలనాలి. గులాబీ రంగు చూసి సైబీరియా కోటాలో సీటిచ్చేశాం. సూళ్లూరుపేటలో వీటి పేరున ఏకంగా పండగే చేస్తాం, పాటలూ డాన్సులతో సహా.

ఇంతకీ నిజంగా ఉత్తర ధ్రువం వైపు చెట్లు మొలవని చలి మైదానాల్లో, అంటే ఆర్కిటిక్ టండ్రాలో పుట్టి, వేల కిలోమీటర్లు ఎగిరొచ్చిన ప్రాణి ఒకటి ఆ రోడ్డు పక్క బురదలోనే ఉంటుంది. పేరు లిటిల్ స్టింట్. పిచ్చుకంత ఉంటుంది, మట్టి రంగు, టకటకా బురదను పొడుస్తూ అటూ ఇటూ పరిగెడుతుంది. పాపం, రంగూ లేదు, ఎత్తూ లేదు. ఇదేంటని గైడుని అడిగితే ఒక్క క్షణం చూసి, "అది లోకల్ సార్, వదిలేయండి" అన్నాడు.

లోకల్ అంటే గుర్తొచ్చింది, కలివికోడి. 1900 తర్వాత జాడ లేకపోయేసరికి అంతరించిందనుకున్న పక్షి, 1986లో కడప జిల్లా లంకమల దగ్గర మళ్లీ దొరికింది. ఈ ప్రాంతం తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా దాని ఉనికి తెలియదు. దానికోసం తెలుగుగంగ కాలువనే పక్కకు తిప్పారు. ఇంత చరిత్ర ఉన్నా పర్యాటకుల దగ్గర దానికి మార్కెట్ లేదు. తప్పంతా దానిదే. ముళ్ల పొదల్లో ఉంటుంది, చీకటి పడ్డాకే తిరుగుతుంది, సఫారీ జీపు చప్పుడు వింటే ముందుకొచ్చి ఫోజివ్వదు. పైగా ఊరు దాటిన పాపాన పోలేదు.

కాబట్టి కలివికోడికి మా పర్యాటకుల తరఫున ఒక సలహా. ఒక్క సీజన్ ఎలాగోలా సైబీరియా వెళ్లి రావాలి. వచ్చేటప్పుడు కాస్త గులాబీ రంగు కూడా వేయించుకుంటే, బద్వేలు బస్టాండు నుంచి లంకమల దాకా స్వాగతం ఫ్లెక్సీలు కట్టించే పూచీ మాది.