కొండెక్కనన్న బంతి

మా తోడల్లుడుగారికి కాలిఫోర్నియా వచ్చాక రెండు వ్యసనాలు పట్టుకున్నాయి. ఒకటి గోల్ఫ్ ఆడడం, రెండోది ఇంకొకళ్ళకి గోల్ఫ్ నేర్పడం. నిన్న రెండోదానికి నేను దొరికాను. శాన్‌ఫ్రాన్సిస్కో దగ్గర ఈస్ట్ బే కొండల్లో ఒక పబ్లిక్ గోల్ఫ్ కోర్సు. "ఊరికే అలా తిరిగొద్దాం రా తమ్ముడూ" అన్నారు. తెల్లారకుండానే లేపి, కార్ట్‌లో కూర్చోబెట్టి, చేతికి గ్లవ్ తొడిగారు. బంతిని గుంటలో వేసేదాకా ఆడే ఒక్కో విడతని హోల్ అంటారు. మొదటి హోల్స్ సంగతి వదిలేయండి. అక్కడ పోయిన బంతులు నావి కావు, ఆయనవే.

వేసవిలో ఇక్కడి కొండలన్నీ ఎండి గోధుమరంగుకి తిరుగుతాయి. నేల రాయిలా ఉంటుంది. బంతి ఒకసారి పల్లం దారి పట్టిందంటే ఓక్ చెట్టో, అడవి టర్కీ కోడో అడ్డుపడాల్సిందే. కోర్సు మొత్తం మీద రెండు కాళ్ళూ సమానంగా పెట్టి నిలబడే చోటు లేదు. బంతి పాదాలకంటే ఎత్తులో ఉంటే ఎడమకి పోతుందట, పల్లంలో ఉంటే కుడికి పోతుందట. ఈ సూత్రాన్ని అన్నయ్యగారు ప్రతిసారీ నేను కొట్టేశాకే చెప్పారు.

ఇంతలో ఆ హోల్ వచ్చింది. గ్రీన్, అంటే గుంటా జెండా ఉండే పచ్చిక, ఎక్కడో నెత్తిమీద ఉంది. కింద నుంచి చూస్తే జెండా గుడ్డ కొస మాత్రమే కనిపిస్తోంది. గ్రీన్ ముందు భాగమంతా వాలు, పైగా గడ్డిని నున్నగా గీసేశారు. దాన్ని ఫాల్స్ ఫ్రంట్ అంటారు. చేరామనుకున్న బంతిని వెనక్కి సాగనంపడమే దాని ఉద్యోగం.

బంతిని ఎత్తుగా లేపే వెడ్జ్ అనే కర్రతో కొట్టాను. బాగానే కొట్టాను, సాక్షులున్నారు. బంతి లేచి, జెండా వైపు వెళ్ళి, గ్రీన్ అంచు మీద పడింది. అన్నయ్యగారు "షాట్!" అని అరిచారు కూడా. నేను చేతిలోది బ్యాట్ అనుకుని పైకెత్తబోయాను. బంతి ఆగింది. పోల్చుకోవడానికని దాని మీద అన్నయ్యగారు స్కెచ్ పెన్నుతో ఎర్రచుక్క పెట్టారు. ఆ చుక్క కాసేపు ఆకాశాన్ని చూసింది. తర్వాత నెమ్మదిగా నా వైపు తిరిగింది. మాయమైంది. మళ్ళీ పైకొచ్చింది. మళ్ళీ మాయమైంది, ఈసారి కొంచెం తొందరగా. గోనెసంచిలో కట్టి పొలిమేర దాటించి వదిలొస్తే, మనకంటే ముందే ఇంటికొచ్చి గుమ్మంలో కూర్చునే పిల్లి ఉంటుంది చూడండి, అలా తిన్నగా నా బూట్ల ముందుకొచ్చి ఆగింది.

మళ్ళీ కొట్టాను. మళ్ళీ వచ్చింది. ఎన్నిసార్లు అన్న లెక్క అన్నయ్యగారి దగ్గర భద్రంగా ఉంది. మా వెనక నలుగురు తెల్లవాళ్ళు నడుం మీద చేతులు పెట్టుకుని, "నో వర్రీస్, టేక్ యువర్ టైమ్" అన్నారు. ఆ మాట మన ఆఫీసు మీటింగుల్లో విన్నవాళ్ళకి అర్థమేంటో తెలుసు.

దాన్ని కాలితో ఆపేస్తే పోలేదా అనిపించింది. కావాలని ఆపితే రెండు స్ట్రోకుల, అంటే రెండు దెబ్బల, పెనాల్టీ. కదిలే బంతిని కొట్టినా అంతే. 2018 యూఎస్ ఓపెన్ గోల్ఫ్ పోటీలో, షినెకాక్ హిల్స్ కోర్సు 13వ హోల్ దగ్గర, ఫిల్ మికెల్సన్ అంతటి పేరున్న ఆటగాడు గ్రీన్ దాటిపోబోతున్న బంతి వెంట పరుగెత్తి, అది ఆగకముందే వెనక్కి కొట్టాడు. పెనాల్టీతో కలిపి ఆ హోల్‌కి 10 దెబ్బలు లెక్కకొచ్చాయి. ఆరోజు ఆయనకి 48వ పుట్టినరోజు. తెలిసే కొట్టానని తర్వాత చెప్పాడు. ఆయన బాధ నాకు నిన్న సంపూర్ణంగా బోధపడింది. తేడా ఏమిటంటే, ఆయనకి పక్కన బ్యాగు మోసి సలహా చెప్పే కేడీ ఉంటాడు, నాకు తోడల్లుడు.

సరిగ్గా అప్పుడే, ఆట ఆలస్యం కాకుండా చూసే మార్షల్ కార్ట్ వేసుకుని వచ్చి, మేం ఆలస్యం చేస్తున్నామని మర్యాదగా చెప్పడం మొదలుపెట్టాడు. నేను ఆయన వైపు తిరిగి తలూపుతున్నాను. పైనుంచి వచ్చిన బంతి నా మడమకి ఠక్కున తగిలింది.

"ఒక స్ట్రోక్ పెనాల్టీ తమ్ముడూ. నీ బంతి నీకే తగిలింది."

"నేను చూళ్ళేదు కదన్నయ్యా!"

"రూల్ రూలే."

రాసేశారు. గోల్ఫ్ పెన్సిలుకి వెనక రబ్బరు ఉండదు. ఇంటికి అరటిపళ్ళు కొంటే బిల్లు మూడుసార్లు సరిచూసే మనిషి, నా మడమ విషయంలో మాత్రం ఒక్కసారి కూడా ఆలోచించలేదు. తర్వాత బంతి ఎలాగో కొండెక్కింది. ఆట కూడా అయిపోయింది.

రాత్రి పడుకోబోయేముందు రూల్స్ తీసి చూశాను. పదకొండో రూల్. బంతి అనుకోకుండా ఆడేవాడికే తగిలితే పెనాల్టీ లేదు. 2019 నుంచే లేదు. అంటే ఈయన ఏళ్ళ తరబడి పాత రూల్స్‌తో జనాన్ని శిక్షిస్తున్నారన్నమాట! స్క్రీన్‌షాట్ తీసి ఫ్యామిలీ గ్రూపులో పెట్టబోతే, అప్పటికే ఆయన స్కోరుకార్డు ఫోటో పెట్టేశారు. ఆయన పేరు ఎదురుగా రెండంకెలు, నా పేరు ఎదురుగా మూడంకెలు.

తెనాలి నుంచి మామగారి జవాబు వెంటనే వచ్చింది. "శభాష్ చిన్నల్లుడుగారూ! మొదటిసారే పెద్దల్లుడుగారిని దాటేశారు." కింద అత్తగారివి చప్పట్లు, వరసగా ఆరు. గోల్ఫ్‌లో తక్కువ వచ్చినవాడే గెలిచినట్టని ఆ గ్రూపులో తెలిసింది మా ఇద్దరికే. అన్నయ్యగారు ఏదో టైప్ చేస్తున్నట్టు చాలాసేపు చూపించింది. నేను మామగారికి థాంక్స్ చెప్పి ఫోన్ ఛార్జింగ్‌లో పెట్టేశాను.