గోల్ఫ్ పేరులో ఆడవాళ్ల నిషేధం లేదు: విమెన్స్ ఇండియన్ ఓపెన్ గురించి తిరుగుతున్న సందేశానికి ఖండన

కొన్ని వారాలుగా హన్మకొండ, కాజీపేట ప్రాంతాల వాట్సాప్ గ్రూపుల్లో ఒక సందేశం చేతులు మారుతోంది. జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియంలో పొద్దున నడిచేవాళ్ల గ్రూపులో నేను దాన్ని మొదట చూశాను. మధ్యాహ్నానికి మా ఉపాధ్యాయుల గ్రూపులోకి, సాయంత్రానికి మా బంధువుల గ్రూపులోకి కూడా వచ్చింది. అందులో ఉన్న మాటలు ఇవి. గోల్ఫ్ అనే పేరు ‘జెంటిల్‌మెన్ ఓన్లీ, లేడీస్ ఫర్బిడెన్’ అనే నాలుగు ఇంగ్లిష్ మాటల తొలి అక్షరాలతో ఏర్పడింది. మన దేశంలో ఆడవాళ్ల గోల్ఫ్ 2016లో గోల్ఫ్ క్రీడాకారిణి అదితి అశోక్ ఒలింపిక్స్‌కు వెళ్లాకే మొదలైంది, ఆమె కోసమే విమెన్స్ ఇండియన్ ఓపెన్ అనే మహిళల గోల్ఫ్ పోటీ పెట్టారు. పేరూ ఊరూ లేని విదేశీయులను పిలిచి ఆమెను గెలిపించారు, అప్పటి నుంచి అది మనవాళ్లు గెలిచే పోటీయే. ఆడవాళ్లు ఆడేది సగం ఆటే, తొమ్మిది హోల్స్ (బంతిని వేయాల్సిన గుంటలు) మాత్రమే. చివరగా, కోటీశ్వరుల పిల్లలకు తప్ప మన పిల్లలకు ఇందులో చోటు లేదు కాబట్టి దీని గురించి మాట్లాడటమే దండగ.

నేను పరకాల వైపు ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో వ్యాయామ ఉపాధ్యాయుడిని. ఈ సందేశాన్ని ఇంట్లో ఫోనులో చదివిన ఎనిమిదో తరగతి అమ్మాయి మరునాడు గ్రౌండులో నా దగ్గరికి వచ్చి, “సార్, ఆడోళ్లు ఆడొద్దని ఆ ఆట పేర్లనే ఉన్నదట గదా, మరి అదితి అశోక్ ఎట్ల ఆడింది?” అని అడిగింది. ఆ ప్రశ్నకు అక్కడికక్కడ రెండు మాటల్లో జవాబు చెప్పి పంపినా, సందేశంలోని ప్రతి మాటకూ విడివిడిగా, ఆధారంతో జవాబు ఉండాలని అనిపించి ఇది రాస్తున్నాను.

మొదట పేరు సంగతి. స్కాట్లాండ్ పార్లమెంటు 1457లో ఒక శాసనం చేసింది. జనం ఫుట్‌బాల్, గోల్ఫ్ ఆటల్లో పడి విలువిద్య సాధన మానేస్తున్నారనీ, యుద్ధానికి పనికొచ్చే నేర్పు మరుగున పడుతోందనీ రాజు రెండో జేమ్స్ కాలంలో ఈ రెండు ఆటలనూ నిషేధించారు. ఆ శాసనంలోనే ఈ ఆట పేరు పాత స్కాట్ భాషా రూపంలో కనిపిస్తుంది. డచ్ భాషలో కర్ర, దుడ్డుకర్ర అనే అర్థమున్న ‘కోల్ఫ్’ అనే మాటకు ఇది దగ్గరి చుట్టమని భాషావేత్తలు చెబుతారు. తొలి అక్షరాలను కలిపి కొత్త మాట చేసే అలవాటు జనంలో పాతుకున్నది ఇరవయ్యో శతాబ్దంలో. అయిదు వందల ఏళ్ల నాటి మాటకు ఆ పద్ధతిని అంటగట్టడం కుదరదు. మన ఊరి పేరునే చూడండి. ‘ఒరు కల్లు’, అంటే ఏకశిల, ఓరుగల్లు అయింది. ఓరుగల్లు నోళ్లలో నలిగి వరంగల్ అయింది. ఊరి పేరైనా ఆట పేరైనా ఇలాగే జనం నోట అరిగి, మారి నిలబడుతుంది.

అయితే ఈ కట్టుకథను జనం ఎందుకు అంత తేలిగ్గా నమ్ముతారో నాకు అర్థమవుతుంది. ఆట పేరులో నిషేధం లేకపోయినా, ఆట ఆడే క్లబ్బుల గుమ్మం దగ్గర నిషేధం నిజంగానే ఉండేది. అమెరికాలోని అగస్టా నేషనల్ క్లబ్ తొలిసారి మహిళలను సభ్యులుగా చేర్చుకున్నది 2012లో. సెయింట్ ఆండ్రూస్‌లోని రాయల్ అండ్ ఏన్షియంట్ క్లబ్ సభ్యులు మహిళలకు సభ్యత్వం ఇవ్వాలని ఓటు వేసింది 2014లో, మ్యూర్‌ఫీల్డ్ క్లబ్ అదే పని చేసింది 2017లో. ఇది సిగ్గుపడవలసిన చరిత్రే, దాన్ని దాచవలసిన పని లేదు. కానీ గుమ్మం బయట నిలబెట్టినా ఆడవాళ్లు ఆట మానలేదు. అదే సెయింట్ ఆండ్రూస్‌లో 1867లోనే మహిళలు తమ సొంత పటింగ్ (బంతిని మెల్లగా గుంటలోకి దొర్లించే ఆట) క్లబ్ పెట్టుకున్నారు. బ్రిటన్‌లో లేడీస్ గోల్ఫ్ యూనియన్ 1893లో ఏర్పడింది. అమెరికాలో 1950లో పదముగ్గురు క్రీడాకారిణులు కలిసి మహిళా ప్రొఫెషనల్ గోల్ఫర్ల సంఘమైన ఎల్పీజీఏను స్థాపించారు. ‘ఆడవాళ్లకు నిషేధం’ అని చెప్పి ఊరుకునే సందేశం, ఆ నిషేధాన్ని లెక్కచేయక ఆడినవాళ్లందరినీ చరిత్రలోంచి తుడిచేస్తోంది. నాకు దానిమీద ఉన్న అసలు అభ్యంతరం ఇదే.

ఇక్కడే మార్గరెట్ అబాట్ గురించి చెప్పాలి. 1900లో పారిస్ ఒలింపిక్స్‌లో మహిళల గోల్ఫ్ ఉంది. అందులో గెలిచిన అమెరికా క్రీడాకారిణి మార్గరెట్ అబాట్ పుట్టింది మన దేశంలోనే, 1878లో కలకత్తాలో. పోటీ తొమ్మిది హోల్స్ మీద జరిగింది, ఆమె అందరికంటే తక్కువగా 47 దెబ్బల్లో పూర్తి చేసింది. ఆమె తల్లి మేరీ కూడా అదే పోటీలో ఆడింది. ఆ రోజుల్లో పారిస్ ఎగ్జిబిషన్‌లో భాగంగా జరిగిన పోటీలు ఎంత గందరగోళంగా ఉండేవంటే, తాను గెలిచింది ఒలింపిక్స్‌లోనని తెలియకుండానే ఆమె 1955లో కన్నుమూసింది. ఆ తర్వాత మహిళల గోల్ఫ్ మళ్లీ ఒలింపిక్స్‌లో కనిపించడానికి 116 ఏళ్లు పట్టింది. మా విద్యార్థినికి ఈ కథ చెప్పినప్పుడు, “తల్లీ బిడ్డా ఇద్దరూ ఆడిన్రా సార్?” అని రెండుసార్లు అడిగి నోటుబుక్కులో రాసుకుంది.

రెండో మాట, 2016లోనే అంతా మొదలైందన్నది. విమెన్స్ ఇండియన్ ఓపెన్ మొదటిసారి జరిగింది 2007లో. అప్పటికి అదితి వయసు తొమ్మిదేళ్లు. ఆ తొలి పోటీలో గెలిచింది తైవాన్‌కు చెందిన యానీ సెంగ్, ఆ తర్వాత నాలుగేళ్లకు ప్రపంచ నంబర్ వన్ అయింది, మేజర్లు అనే అన్నింటికంటే పెద్ద పోటీల్లో మొత్తం అయిదు టైటిళ్లు గెలిచింది. 2010లో ఈ పోటీ, యూరప్ మహిళా ప్రొఫెషనల్స్ పోటీల వరుస అయిన లేడీస్ యూరోపియన్ టూర్‌లో భాగమైంది. ఆ ఏడాది విజేత బ్రిటన్‌కు చెందిన లారా డేవిస్, నలభై ఏడేళ్ల వయసులో. ఇంకా వెనక్కి వెళితే, కలకత్తా నుంచి వెళ్లిన స్మృతి మెహ్రా, అందరూ సిమి మెహ్రా అంటారు, 1990లలోనే అమెరికాలోని ఎల్పీజీఏ టూర్‌లో ఆడిన తొలి భారతీయురాలు. ప్రొఫెషనల్స్‌ను కాక, ఆటను వృత్తిగా చేసుకోని అమెచ్యూర్లను లెక్కలోకి తీసుకుంటే, నోనితా లాల్‌కు గోల్ఫ్‌లో అర్జున అవార్డు వచ్చింది 1987లో.

ఈ వరుసను తలకిందులు చేయడంలోనే సందేశం పెద్ద తప్పు చేసింది. అదితి వల్ల పోటీ పుట్టలేదు. ఈ దేశంలో మహిళలకు ప్రొఫెషనల్ పోటీలు అప్పటికే ఉండబట్టి అదితికి ఆడే చోటు దొరికింది. విమెన్స్ గోల్ఫ్ అసోసియేషన్ నడిపే దేశీయ టూర్‌లో పెద్దవాళ్ల మధ్య అమెచ్యూర్‌గా ఆడి 2011లో, పదమూడేళ్ల వయసులో, ఆమె టైటిల్ గెలిచింది. 2015 చివర లేడీస్ యూరోపియన్ టూర్ అర్హత పోటీలో మొదటి స్థానంలో నిలిచి, పదిహేడేళ్లకే ఆ టూర్‌లో ఆడే హక్కునిచ్చే టూర్ కార్డు సంపాదించింది. ఒలింపిక్స్ ఆ తర్వాతి సంగతి. రియోలో ఆడేనాటికి ఆమెకు పద్దెనిమిదేళ్లు, ఆమె ఆటకు వెనుక ఈ దేశపు కోర్సుల మీద ఆడిన ఏళ్లున్నాయి.

మూడో మాట నాకు అన్నింటికంటే ఎక్కువ బాధ కలిగించింది, ఎందుకంటే అది ఒక మనిషి శ్రమను దొంగిలిస్తుంది. 2016 నవంబరులో గురుగ్రామ్‌లోని డీఎల్ఎఫ్ కోర్సులో జరిగిన పోటీ మూడు రౌండ్లది, అంటే 54 హోల్స్. పార్, అంటే పూర్తి చేయడానికి లెక్కగట్టిన దెబ్బలు, రౌండుకు 72 చొప్పున మూడు రౌండ్లకు 216. ఎవరు తక్కువ దెబ్బల్లో ముగిస్తే వాళ్లదే గెలుపు. అదితి 213 దెబ్బల్లో ముగించింది. ఆమె వెనుక ఒకే ఒక్క దెబ్బ తేడాతో, 214తో, ఇద్దరు నిలిచారు: అమెరికాకు చెందిన బ్రిటనీ లిన్సికమ్, స్పెయిన్‌కు చెందిన బెలెన్ మోజో. లిన్సికమ్ అప్పటికే రెండు మేజర్ టైటిళ్లు గెలిచిన క్రీడాకారిణి. ఆమెను ‘పేరూ ఊరూ లేని’ మనిషి అనడం అజ్ఞానం.

ఒక్క దెబ్బ అంటే ఏమిటో మా పిల్లలకు చూపించాలని ఒకనాడు గ్రౌండు మూలన గునపంతో గుంట తవ్వించాను. గోల్ఫ్ హోల్ అడ్డం కొలత 108 మిల్లీమీటర్లు. స్కేలు పెట్టి కొలిచి, అంచులు చేత్తో సరిచేశాం. బంతి అడ్డం కొలత 42.67 మిల్లీమీటర్లకు తక్కువ ఉండకూడదు, బరువు 45.93 గ్రాములకు మించకూడదు. హైదరాబాద్‌లో కొన్న పాత బంతిని ఆరడుగుల దూరంలో పెట్టి, హాకీ స్టిక్కుతో మెల్లగా దొర్లించమన్నాను. ముప్పై రెండు మంది పిల్లల్లో గుంటలో వేసింది అయిదుగురే. మిగతా బంతుల్లో చాలా వరకు గుంట అంచును తాకి, అరచుట్టు తిరిగి, బొటనవేలంత దూరంలో ఆగిపోయాయి. ఆగిన బంతిని లోపలికి నెట్టడానికి ఇంకొక దెబ్బ కావాలి, ముట్టుకుంటే చాలు పడేంత దగ్గరున్నా అది కూడా లెక్కే. 54 హోల్స్ ఆడాక ముగ్గురి మధ్య తేడా ఆ బొటనవేలంత. అందులో ‘గెలిపించడానికి’ ఎవరికి వీలుంది? ఆ గెలుపు ఇంటి మైదానం ఇచ్చిన బహుమానమే అయితే, రెండు వారాలకే ఖతార్ వెళ్లి అక్కడి లేడీస్ ఓపెన్ కూడా ఆమె ఎలా గెలిచింది? 2021 ఆగస్టు 7న, నీరజ్ చోప్రా స్వర్ణం గెలిచిన రోజు పొద్దుననే, టోక్యోలో నాలుగు రౌండ్లలో పార్ కన్నా 15 దెబ్బలు తక్కువ ఆడి నాలుగో స్థానంలో ఎలా నిలిచింది? ఆ రోజు కూడా తేడా ఒక్క దెబ్బే. ఆ ఒక్కటి తగ్గించగలిగితే సమానంగా నిలిచినవారి మధ్య రజతం, కాంస్యాల కోసం జరిగిన ప్లేఆఫ్‌లో ఆమె కూడా ఉండేది.

‘మనవాళ్లు గెలిచే పోటీయే’ అన్న మాటకు విజేతల పట్టికే జవాబు. 2012లో థాయ్‌లాండ్‌కు చెందిన పోర్నానోంగ్ ఫట్లుమ్, 2014లో ఫ్రాన్స్‌కు చెందిన గ్లాదిస్ నొసెరా, 2015లో డెన్మార్క్‌కు చెందిన ఎమిలీ పెడర్సన్, 2018లో వేల్స్‌కు చెందిన బెకీ మోర్గన్, 2019లో ఆస్ట్రియాకు చెందిన క్రిస్టీన్ వుల్ఫ్ గెలిచారు. కోవిడ్ వల్ల 2020, 2021లలో పోటీ జరగలేదు. 2022లో జర్మనీకి చెందిన ఒలీవియా కోవన్ గెలవగా మన అమన్‌దీప్ ద్రాల్ రెండో స్థానంలో నిలిచింది. 2023లో అలీనే క్రౌటర్, 2024లో లిజ్ యంగ్ విజేతలు. 2007 నుంచి 2024 వరకు ఈ పోటీ గెలిచిన భారతీయురాలు అదితి ఒక్కతే.

నాలుగో మాట మీద ఎక్కువసేపు ఆగనక్కరలేదు. నేటి మహిళా ప్రొఫెషనల్స్ రౌండుకు 18 హోల్సే ఆడతారు. 2016లో 54 హోల్స్‌గా ఉన్న విమెన్స్ ఇండియన్ ఓపెన్ ఇప్పుడు నాలుగు రౌండ్లకు, 72 హోల్స్‌కు పెరిగింది. మహిళలు మొదటి దెబ్బ కొట్టే టీ పురుషుల టీ కంటే కొంత ముందుకు ఉంటుందన్నది నిజం. షాట్‌పుట్‌లో మహిళల గుండు నాలుగు కిలోలు, పురుషులది 7.26 కిలోలు, అంతమాత్రాన మహిళల షాట్‌పుట్‌ను సగం ఆట అని ఏ వ్యాయామ ఉపాధ్యాయుడూ అనడు.

చివరి మాటలో కొంత నిజముంది, దాన్ని ఒప్పుకోకుండా ముందుకు పోతే నేనూ ఆ సందేశం రాసినవారి లాగే చేసినట్టవుతుంది. గోల్ఫ్ ఖర్చుతో కూడిన ఆట. క్లబ్బులు అనే ఆట కర్రలు, బంతులు, కోర్సు రుసుము, శిక్షణ, ఊరూరా ప్రయాణాలు, ఇవన్నీ కలిస్తే కౌలు రైతు ఇంటికి అందే మాట కాదు. నేను పనిచేసిన ఏ బడి పిల్లలకూ గోల్ఫ్ కోర్సు కనుచూపు మేరలో లేదు. కానీ కోటీశ్వరులకు తప్ప చోటు లేదనడం మాత్రం తప్పు. హర్యానాకు చెందిన దీక్షా డాగర్ పుట్టుకతోనే వినికిడి లోపమున్న అమ్మాయి, ఎడమచేతి వాటం. సైన్యంలో అధికారిగా ఉన్న తండ్రి దగ్గరే ఆట నేర్చుకుంది. 2017లో వినికిడి లోపమున్నవారి పోటీలైన డెఫ్లింపిక్స్‌లో రజతం గెలిచింది, 2019లో సౌతాఫ్రికన్ విమెన్స్ ఓపెన్ గెలిచి, అదితి తర్వాత లేడీస్ యూరోపియన్ టూర్‌లో టైటిల్ అందుకున్న రెండో భారతీయురాలైంది. హైదరాబాద్‌కు చెందిన స్నేహా సింగ్ దేశీయ మహిళల టూర్‌లో అమెచ్యూర్‌గా ఉండగానే ప్రొఫెషనల్స్‌ను ఓడించి గెలిచింది.

మూడేళ్ల కిందట విహారయాత్రకు గోల్కొండ వెళ్లినప్పుడు మా పిల్లలను నయా ఖిల్లా వైపు కూడా తీసుకెళ్లాను. ఏనుగంత మానుతో నిలబడ్డ పాత బావోబాబ్ చెట్టును చూడటమే మా ఉద్దేశం. పాత గోడల నడుమ పచ్చటి గోల్ఫ్ కోర్సు కనిపించింది. దూరంగా టోపీ పెట్టుకున్న ఒక అమ్మాయి వంగి, కదలకుండా నిలబడి, బంతిని దొర్లించింది. పిల్లలందరూ ఒక్కసారిగా మాట్లాడటం ఆపేశారు. గోడ ఇవతల నిలబడి వాళ్లు చూసిన ఆ దృశ్యం ఈ సందేశం చెప్పేదానికంటే నమ్మదగినది.

నిన్న మా ఉపాధ్యాయుల గ్రూపులో ఆ సందేశం కింద నేను మూడు వాక్యాలు పెట్టాను: “గోల్ఫ్ అనే మాట 1457 నాటి స్కాట్లాండ్ శాసనంలోనే ఉంది. విమెన్స్ ఇండియన్ ఓపెన్ 2007లో మొదలైంది. అదితి అశోక్ దాన్ని 2016లో ఒక్క దెబ్బ తేడాతో గెలిచింది.” పాత సందేశాన్ని పంపినవారు దయచేసి ఈ మూడు వాక్యాలను కూడా అవే గ్రూపుల్లోకి పంపండి.