పదిహేనేళ్లు దాటిన స్పోర్ట్స్ కూపే తుక్కేనా? ప్రచారంలో ఉన్న ఒక సందేశానికి ఖండన

నెల్లూరు, కావలి, ఒంగోలు ప్రాంతాల వాట్సాప్ గ్రూపుల్లో కొన్ని నెలలుగా ఒక సందేశం తిరుగుతోంది. పదిహేనేళ్లు దాటిన విదేశీ స్పోర్ట్స్ కూపేను, అంటే రెండు తలుపుల వేగపు కారును, బాగు చేయించడమంటే డబ్బు తీసుకెళ్లి బంగాళాఖాతంలో కలపడమేనని అది తీర్మానిస్తుంది. చట్టం ప్రకారం అలాంటి బండి తుక్కుకు పోవాల్సిందేనని, సముద్రపు గాలి దాని బాడీని లోపల్లోపలే తినేసి ఉంటుందని, టర్బో ఇంజనూ ఆటోమేటిక్ గేర్‌బాక్సూ లక్ష కిలోమీటర్లకే అయిపోతాయని, స్పేర్లు దొరకవని, ఏ చిన్న మార్పు చేసినా సుప్రీంకోర్టు తీర్పు ప్రకారం నేరమని, చివరికి ఇన్సూరెన్సు కూడా ఇవ్వరని వరుసగా చెప్పుకుపోతుంది. రొయ్యల సాగు చేసే మా మేనమామ ఈ సందేశాన్ని నమ్మి, తన 2008 నాటి ఆడి టీటీ అనే అలాంటి కారును తూకానికి అమ్మేయడానికి సిద్ధపడ్డారు. ఆ ప్రయత్నాన్ని మాన్పించి, ఆ కారుకు జరిగిన పని అంతా దగ్గరుండి చూసుకున్నాను కాబట్టి, ఇందులోని ఒక్కొక్క మాటకూ సమాధానం రాయడం నా బాధ్యత అనుకుంటున్నాను.

చట్టం గురించిన మాటతో మొదలుపెడతాను. 1988 నాటి మోటారు వాహనాల చట్టంలోని 41వ సెక్షన్ ప్రకారం సొంత కారు రిజిస్ట్రేషన్ పదిహేనేళ్ల పాటు చెల్లుతుంది. ఆ గడువు తీరాక బండి బాగుందని తనిఖీలో తేలితే మరో అయిదేళ్లకు పొడిగిస్తారు. గడువు తీరడానికి ముందున్న అరవై రోజుల్లో ఫారం 25తో దరఖాస్తు చేసుకోవాలి. పదేళ్ల డీజిలు, పదిహేనేళ్ల పెట్రోలు బండ్ల మీద నిషేధమంటూ అందరూ విన్నది జాతీయ హరిత ట్రిబ్యునల్ 2015లోనూ, సుప్రీంకోర్టు 2018లోనూ ఇచ్చిన ఆదేశాల సంగతి. అవి ఢిల్లీ రాజధాని ప్రాంతం కోసం ఇచ్చినవే తప్ప ఏపీ 26, ఏపీ 27 నంబర్లతో మన జిల్లాల్లో తిరిగే బండ్లకు సంబంధించినవి కావు. 2021లో వచ్చిన తుక్కు విధానం కూడా ఫిట్‌నెస్ పరీక్షలో తప్పిన బండిని, రిజిస్ట్రేషన్ పొడిగించుకోని బండిని ఉద్దేశించినదే. అయితే ఒక ఖర్చు మాత్రం నిజమే. 2022 ఏప్రిల్ 1 నుంచి పొడిగింపు రుసుము సాధారణ కారుకు 5,000 రూపాయలు కాగా దిగుమతి కారుకు 40,000 రూపాయలు అయింది. ఇరవై ఏళ్లు దాటిన వాటికి 2025 ఆగస్టులో దీన్ని రెట్టింపు చేశారు. ఇది భారమే, కాదనను. కానీ రుసుము కట్టించుకుని మరీ రిజిస్ట్రేషన్ పొడిగిస్తున్న ప్రభుత్వం అదే బండిని తుక్కు చేయమంటోందని ప్రచారం చేయడం పచ్చి అబద్ధం.

సముద్రపు గాలి గురించిన మాటలో కొంత నిజం ఉంది కాబట్టే అది ఎక్కువ మందిని భయపెడుతోంది. మైపాడు, కొత్తపట్నం తీరాల దగ్గరా, ఉప్పునీటి చెరువుల గట్ల మీదా తిరిగే బండికి తుప్పు ముప్పు ఎక్కువే. కానీ ఆ సందేశంలో దీనికి సూచించిన పరీక్ష శుద్ధ తప్పు. బాడీ మీద అయస్కాంతం పెట్టి చూడమని, అంటుకోని చోటల్లా తుప్పు తినేసి పుట్టీతో పూడ్చినట్టే లెక్కని అందులో రాశారు. 2006లో వచ్చిన రెండో తరం టీటీ కూపే బాడీ బరువులో 69 శాతం అల్యూమినియం, మిగిలిన 31 శాతమే ఉక్కు; ఆ ఉక్కు కూడా ప్రధానంగా తలుపుల్లో, డిక్కీ మూతలో, వెనుక ఫ్లోరులో ఉంటుంది. కాబట్టి ఫ్యాక్టరీ నుంచి నేరుగా వచ్చిన కొత్త బానెట్ మీద పెట్టినా అయస్కాంతం జారి కింద పడుతుంది. ఈ పరీక్షను నమ్మి చక్కటి బండిని పుట్టీ బండి అనుకుని వదులుకున్నవారు ఉండవచ్చు. అల్యూమినియం మీద కూడా పనిచేసే పెయింట్ మందం కొలిచే మీటరుతో చూడాలి తప్ప అయస్కాంతంతో కాదు.

ఇలాంటి బాడీకి అసలు ప్రమాదం వేరే చోట ఉంది. అల్యూమినియం, ఉక్కు ఒకదానికొకటి తగులుతూ ఉన్నచోట ఉప్పు తేమ చేరితే, ఆ రెండింటిలో ముందుగా కరిగిపోయేది అల్యూమినియమే. అందుకే ఫ్యాక్టరీలో రెండు లోహాలు కలిసే చోట జిగురు, పూత వేసి వాటిని విడదీస్తారు. మా మేనమామ కారుకు కొన్నేళ్ల క్రితం ఒక షెడ్డులో వెనుక చక్రం పైభాగాన టింకరింగ్ చేసినప్పుడు, ఊడిన ఫాస్టెనర్ల స్థానంలో మామూలు ఇనుప స్క్రూలు బిగించారు. మేము లోపలి ప్లాస్టిక్ లైనరు విప్పి చూసినప్పుడు స్క్రూల తలలు ఎర్రగా తుప్పు పట్టి ఉన్నాయి, ప్రతి స్క్రూ చుట్టూ సున్నపు పొడిలాంటి తెల్లటి పొడి పేరుకుని ఉంది, వేలితో తుడిస్తే కింద అల్యూమినియం గరుకుగా గుంటలు పడి కనిపించింది. అయితే ఆ పాడు స్క్రూల చుట్టూ అంగుళం మేరకే ఉంది. పక్కనున్న ఫ్యాక్టరీ అతుకు ఇన్నేళ్ల ఉప్పుగాలి తర్వాత కూడా చెక్కు చెదరలేదు. బాడీకి చేటు చేసింది సముద్రం కాదు, తెలియక చేసిన ఆ పాత మరమ్మతు.

బాగు చేయించేవారు ఒక్క విషయం పట్టుబట్టి చేయించుకోవాలి. ఉక్కును రుద్దిన వైరు బ్రష్షుతో గానీ గ్రైండింగ్ డిస్కుతో గానీ అల్యూమినియాన్ని తాకనివ్వకూడదు, ఎందుకంటే బ్రష్షులో ఇరుక్కున్న ఇనుప రజను మెత్తటి అల్యూమినియంలో దిగబడి కొత్త పెయింటు కింద మళ్లీ బొబ్బలు లేపుతుంది. అల్యూమినియానికి వాడే సామానుకు విడిగా ఒక పెట్టె పెట్టించడానికి అయ్యే ఖర్చు చాలా స్వల్పం. ఇంకొక జాగ్రత్త, వేపచెట్టు నీడన బండి పెట్టేవారికి: ముందు అద్దం కింద నీరు బయటికి పోయే రంధ్రాల్లో వేపాకు చేరి అడ్డుపడితే, ఈశాన్య రుతుపవనాల వానలకు ఆ నీరు కాళ్ల దగ్గర కార్పెట్ కిందకు చేరుతుంది. సంవత్సరానికోసారి అక్టోబరుకు ముందు అక్కడ చేయి పెట్టి ఆకులు తీసేస్తే చాలు. 2021 నవంబరులో పెన్నా పొంగి పడుగుపాడు దగ్గర జాతీయ రహదారినే కోసేసినప్పటిలాంటి వరదలో డ్యాష్‌బోర్డు దాకా మునిగిన బండి సంగతి మాత్రం వేరు. వైరింగు, కంట్రోల్ యూనిట్లు తడిసిన అలాంటి బండిని కొనవద్దనే నేనూ చెబుతాను. ఆ ఒక్క సందర్భాన్ని తీరప్రాంతంలోని ప్రతి బండికీ అంటగట్టడమే అన్యాయం.

ఇక ఇంజను, గేర్‌బాక్సు లక్ష కిలోమీటర్లకే అయిపోతాయన్న మాట. టీటీలో వచ్చిన తొలి 2.0 టర్బో పెట్రోలు ఇంజను 1984 సీసీది, 200 హార్స్‌పవరుది. అందులో హై ప్రెషర్ ఇంధన పంపును, వాల్వులను తెరిచే ఇరుసైన క్యామ్‌షాఫ్ట్ నేరుగా కాకుండా మధ్యలో ఉండే క్యామ్ ఫాలోయర్ అనే చిన్న ఉక్కు గిన్నె ద్వారా నొక్కుతుంది. ఆ గిన్నె అడుగున నల్లటి గట్టి పూత ఉంటుంది. పూత అరిగి లోపలి లోహం తెల్లగా మెరవడం మొదలైతే మార్చే సమయం వచ్చినట్టు. అప్పటికీ పట్టించుకోకపోతే గిన్నెకు చిల్లు పడి క్యామ్‌షాఫ్ట్, పంపు రెండూ దెబ్బతింటాయి. పంపుకు ఉన్న మూడు బోల్టులు విప్పితే దీన్ని బయటికి తీసి కళ్లతో చూసుకోవచ్చు. మేము తీసి చూసిన ఫాలోయర్ మీద నల్ల పూత ఇంకా నిండుగానే ఉంది. అయినా ధర తక్కువ కాబట్టి కొత్తది వేశాం. ఇంత చిన్న వస్తువు అరుగుతుందన్న భయంతో ఇంజనంతా పీకి మరొకటి పెట్టాలని సందేశం చెప్పడం, ఇంట్లో ఎలుకలున్నాయని ఇల్లు తగలబెట్టుకోమనడమే.

ఈ ఇంజనులో పెట్రోలు నేరుగా సిలిండరులోకి పడుతుంది కనుక గాలిని లోపలికి వదిలే ఇన్‌టేక్ వాల్వులను ఇంధనం కడగదు, వాటి వెనుక మసి గట్టిగా పేరుకుంటుంది. స్టార్టు చేయగానే బండి వణకడం, పికప్ మందగించడం చాలాసార్లు దీనివల్లనే జరుగుతాయి. అందుకు గాలి గొట్టాల భాగమైన మ్యానిఫోల్డ్ విప్పి వాల్వులు శుభ్రం చేయాలి, అంతే తప్ప ఇంజను పోయినట్టు కాదు. టైమింగ్ బెల్టు విషయంలో మాత్రం కిలోమీటర్లతో పాటు వయసునూ లెక్కలోకి తీసుకోవాలి. తక్కువ తిరిగిందన్న నెపంతో పదిహేనేళ్ల రబ్బరు బెల్టును అలాగే ఉంచేయడం తప్పు, దానితో పాటే వాటర్ పంపునూ మార్చేయాలి.

రెండు క్లచ్చులతో తనంతట తానే గేర్లు మార్చుకునే ఆరు గేర్ల డీఎస్‌జీ గేర్‌బాక్సుకు ఆయిలు, ఫిల్టరు ప్రతి 60,000 కిలోమీటర్లకు మార్చాలని తయారీదారే చెప్పాడు. అందులోని క్లచ్చులు ఆ ఆయిలులోనే మునిగి పనిచేస్తాయి కాబట్టి మాడిన ఆయిలుతో నడిపితే అవి చెడిపోవడం ఖాయం. మన జిల్లాల్లో పనిచేసే మెకానిక్కులు గమనించాల్సిన సంగతి మరొకటుంది. ఆయిలు వేడి 35 నుంచి 45 డిగ్రీల మధ్య ఉన్నప్పుడే దాని మట్టం చూడాలి. రోహిణి కార్తెలో మధ్యాహ్నం రేకుల షెడ్డులో నిలబెట్టిన బండిలో, ఇంజను స్టార్టు చేయకముందే ఆయిలు ఆ పరిధి పైఅంచుకు చేరి ఉంటుంది; స్టార్టు చేసి మట్టం చూసేలోపు పరిధి దాటిపోయి, వ్యాకోచించిన ఆయిలు మట్టం చూసే రంధ్రం గుండా ఎక్కువగా కారిపోతుంది. మెకానిక్ సరిగ్గానే పోశాననుకుంటాడు, గేర్‌బాక్సులో మాత్రం ఆయిలు తక్కువ పడుతుంది. ఈ పని తెల్లవారుజామున, స్కానర్‌లో ఉష్ణోగ్రత చూసుకుంటూ చేయించాలి.

స్పేర్లు దొరకవన్న దానికి ఎక్కువ చెప్పనక్కర్లేదు. టీటీ తయారీ 2023 నవంబరులో హంగరీలోని గ్యోర్ ఫ్యాక్టరీలో ఆగిపోయిన మాట నిజం. కానీ రెండో తరం టీటీ పునాది మన దేశంలో విరివిగా అమ్ముడైన స్కోడా లారా, అదే కాలపు వోక్స్‌వాగన్ జెట్టాలదే. కాబట్టి సస్పెన్షన్‌లో, బ్రేకుల్లో, సెన్సార్లలో చాలా భాగాలను పార్టు నంబరు సరిచూసుకుని తెప్పించుకోవచ్చు. బానెట్, ఫెండర్లు, లైట్ల వంటి టీటీకే ప్రత్యేకమైన వాటికి మాత్రం ఓపిక పట్టాలి.

మార్పులన్నీ నేరమన్నది సగం సత్యం. 2019 జనవరి 9న సుప్రీంకోర్టు, కేరళ నుంచి వచ్చిన కేసులో, రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలు తయారీదారు ఇచ్చిన వివరాలతో పొసగకుండా పోయేలా బండిని మార్చకూడదని చెప్పింది. మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్‌లోనే మార్పు అంటే బండి మౌలిక లక్షణం మారిపోయేలా దాని నిర్మాణాన్ని మార్చడమని వివరణ ఉంది. 2019 సవరణతో వచ్చిన 182ఎ సెక్షన్ ప్రకారం అనుమతి లేని మార్పుకు ఆరు నెలల వరకూ జైలు గానీ, ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా గానీ, రెండూ గానీ పడవచ్చు. చెవులు బద్దలయ్యే సైలెన్సరు, చక్రాల కోసం కోసి వెడల్పు చేసిన ఫెండర్లు, పత్రంలో నమోదు చేయించకుండా మార్చిన రంగు – వీటిని నేను సమర్థించను, ఎవరూ సమర్థించకూడదు. కానీ సస్పెన్షన్‌లో అరిగిన రబ్బరు బుష్‌లు, డ్యాంపర్లు (షాక్ అబ్జార్బర్లు) కొత్తవి వేయడం, మెరుగైన బ్రేకు ప్యాడ్లు పెట్టడం, తలుపుల లోపల శబ్దాన్ని ఆపే షీటు అతికించడం వంటివాటితో బండి మౌలిక లక్షణమేదీ మారదు.

మా కారుకు చేసిన మార్పుల్లో నాకు ఎక్కువ తృప్తినిచ్చింది చక్రాలది. 18 అంగుళాల చక్రానికి ఉన్న 245/40 టైరు (వెడల్పు 245 మిల్లీమీటర్లు, పక్కగోడ అందులో 40 శాతం) పక్కగోడ ఎత్తు 98 మిల్లీమీటర్లు; తయారీదారే ఈ కారుకు ఆమోదించిన 17 అంగుళాల చక్రం మీద 245/45 టైరు వేస్తే అది 110 మిల్లీమీటర్లకు పెరుగుతుంది, మొత్తం చక్రం వ్యాసంలో తేడా ఒక్క మిల్లీమీటరే కాబట్టి స్పీడోమీటరు లెక్క తప్పదు. చీమకుర్తి గ్రానైటు లారీలు గుంటలు పెట్టిన రోడ్ల మీద ఆ పన్నెండు మిల్లీమీటర్ల రబ్బరే రిమ్ములను కాపాడుతుంది. అందం కోసం 19 అంగుళాలకు పోతే పక్కగోడ 89 మిల్లీమీటర్లకు తగ్గిపోతుంది. బండి ఎత్తు తగ్గించడాన్ని, కంప్యూటర్ ట్యూనింగుతో పవరు పెంచడాన్ని కూడా నేను వద్దనే చెప్పాను. తక్కువ ఆక్టేన్ పెట్రోలుతో ఈ ఇంజను ఇప్పటికే నాక్ (పెట్రోలు అదుపు తప్పి మండి ఇంజను కొట్టుకోవడం) రాకుండా ఇగ్నిషన్‌ను, అంటే నిప్పురవ్వ వేళను, వెనక్కి తగ్గించుకుని నడుస్తుంది, దాని మీద ఇంకా బూస్టు (టర్బో గాలి ఒత్తిడి) రుద్దడం దాని ఆయుష్షు తీయడమే. ఎక్కువ ఆక్టేన్ పెట్రోలు పోయించుకుంటే ఇంజను తన బలాన్ని బాగా అందించగలదు. మార్పు చేస్తే అసలుతనం పోతుందనే వారికి మొదటి తరం టీటీ చరిత్ర గుర్తుచేస్తాను: 1998లో వచ్చిన ఆ కారు అతివేగంలో అదుపు తప్పి ప్రాణాంతక ప్రమాదాలు జరగడంతో, ఆడి సంస్థే అమ్మిన కార్లను వెనక్కి పిలిపించి వెనుక స్పాయిలరు, స్థిరత్వ నియంత్రణ వ్యవస్థ అమర్చి సస్పెన్షన్‌ను సవరించింది. ఈ రోజు అందరూ అసలు రూపమనుకునే ఆ స్పాయిలరు నిజానికి తర్వాత చేర్చినదే.

చివరిది ఇన్సూరెన్సు. థర్డ్ పార్టీ బీమా లేకుండా ఏ బండీ రోడ్డెక్కకూడదు, రిజిస్ట్రేషన్ ఉన్నంతకాలం దాన్ని వయసు చూపి నిరాకరించడానికి వీల్లేదు. సొంత నష్టానికి వర్తించే బీమాలో, అయిదేళ్లు దాటిన బండి విలువను పట్టిక ప్రకారం కాకుండా యజమానీ బీమా సంస్థా మాట్లాడుకుని నిర్ణయించుకుంటారు. కాబట్టి మరమ్మతు బిల్లులూ, విప్పినప్పుడు తీసిన ఫొటోలూ దాచుకున్న యజమాని తన బండికి తగిన విలువ అడగగలడు. అవేవీ లేనివాడు ఏజెంటు చెప్పిన విలువకే ఒప్పుకోవాల్సి వస్తుంది. రబ్బరు, ప్లాస్టిక్ భాగాలకిచ్చే పరిహారంలో ఎలాగూ సగం కోత ఉంటుందని, అద్దాల మీద కోత ఉండదని కూడా ముందే తెలుసుకుని పాలసీ తీసుకోవాలి. మా మేనమామ ఈ కాగితాలన్నీ పెట్టే కారు విలువ మాట్లాడుకున్నారు, రిజిస్ట్రేషన్‌నూ అయిదేళ్లకు పొడిగించుకున్నారు.