పట్టుపురుగు రక్తం ప్రాణవాయువును మోయదు
జంతువులన్నిటిలోనూ ప్రాణవాయువును కణాలకు చేరవేసేది రక్తమేనని ఒక వ్యాసంలో చదివాను; ఆ మాట వెన్నెముక గల జీవుల వరకు సరిపోతుంది గాని, బురదనీటిలో పెరిగే కొన్ని ఎర్రని లార్వాల వంటివి తప్పిస్తే, కీటకాలకు వర్తించదు. పలమనేరు దగ్గర మా ఇంట్లో ఏళ్ల తరబడి పట్టుపురుగులు పెంచాము. పురుగు పొరపాటున నలిగితే కారే ద్రవం ఎర్రగా ఉండదు, ఎందుకంటే అందులో హిమోగ్లోబిన్ లేదు. దాని ఒంటికి ఇరుపక్కలా నల్లని చుక్కల్లా కనిపించే 9 జతల శ్వాసరంధ్రాల గుండా లోపలికి వెళ్లిన గాలి, కొమ్మలు రెమ్మలుగా చీలిన వాయునాళాల ద్వారా, రక్తంతో పని లేకుండానే నేరుగా కణజాలాలను చేరుతుంది. నాలుగో జ్వరం (పురుగు మేత మాని పాత చర్మం విడిచే దశ) లేచి పురుగులు ఆబగా మల్బరీ ఆకు తినే రోజుల్లో షెడ్డు కిటికీలు మూయరాదని మా నాన్నగారు ఎందుకు పట్టుబట్టేవారో, జంతుశాస్త్రం చదివాకే నాకు అర్థమైంది.