ఫో కావాలి, శరణార్థి మాత్రం వద్దా?

సియాటిల్‌లో రెయినియర్, జాక్సన్ వీధులు కలిసే చోట పడవ ఆకారంలో ఓ చిన్న బిల్డింగ్ ఉంటుంది. ఫో బాక్ హోటల్ మొదలైంది అక్కడే. 1982లో ఓ వియత్నాం జంట అక్కడ శాండ్‌విచ్‌లు అమ్ముతూ శని, ఆదివారాల్లో ఫో (వియత్నాం వాళ్ల నూడుల్స్ సూప్) కూడా వండిపెడితే జనం దానికే ఎగబడ్డారు, దాంతో శాండ్‌విచ్ షాపు కాస్తా ఫో హోటల్ అయిపోయింది. ఇప్పుడు పిల్లలు నడుపుతున్నారు. ఎముకలు గంటల తరబడి మరిగించి, కాల్చిన అల్లం, ఉల్లిపాయ, దాల్చినచెక్క, అనాస పువ్వు వేసి తీసే ఆ రసం కోసం ఇప్పటికీ జనం వస్తూనే ఉంటారు.

ఇలాంటి కుటుంబాల గురించి ఎవరు రాసినా ఒకటే పాట: కష్టపడ్డారు, పైకొచ్చారు. కష్టపడ్డారు, నిజమే. కానీ కష్టపడాలన్నా ముందు ఎవరో ఒకరు గడప దాటనివ్వాలి కదా! 1975లో దక్షిణ వియత్నాం రాజధాని సైగాన్ కమ్యూనిస్టుల చేతికి చిక్కి, జనం దేశం విడిచి పారిపోయి వచ్చాక, గాలప్ సంస్థ సర్వేలో 54 శాతం అమెరికన్లు ఈ శరణార్థులు మాకొద్దన్నారు, సరేనన్నది 36 శాతమే. కాలిఫోర్నియా గవర్నర్ జెర్రీ బ్రౌన్, డెమొక్రాట్ అయ్యుండీ, అడ్డం తిరిగాడు. సియాటిల్ ఉన్న వాషింగ్టన్ రాష్ట్ర గవర్నర్ డాన్ ఎవాన్స్ రిపబ్లికన్. ఆయన తన మనిషిని కాలిఫోర్నియాలో శరణార్థుల్ని ఉంచిన క్యాంప్ పెండిల్టన్ సైనిక స్థావరానికి పంపి మరీ, మా రాష్ట్రానికి రండని పిలిపించాడు. సర్వే చూసుకుని నడిచే నాయకుడైతే ఈ పని చేసేవాడు కాదు. ఇవాళ ఫో బాక్ చుట్టూ ఉన్న లిటిల్ సైగాన్ పేట వెనక వంట నైపుణ్యం ఎంత ఉందో, ఆ నిర్ణయమూ అంతే ఉందంటాను.

శరణార్థుల వల్ల ఖజానాకి భారం, చదువు, నైపుణ్యం చూసి తీసుకుంటే దేశానికి లాభం అనే వాదన ఉంది. మొదటి కొన్నేళ్లు ఖర్చవుతుంది, కాదనను. కానీ ఏ మెరిట్ లిస్టు పెట్టి చూసినా ఇంగ్లిష్ సరిగా రాని, చేతిలో డిగ్రీ లేని మనిషికి మార్కులు పడవు. రేపు పేటకి పేటనే నిలబెట్టేది ఆ మనిషేనేమో, లిస్టుకి ఎలా తెలుస్తుంది?

ఈ మెరిట్ మాట అందరికంటే గట్టిగా వినిపించేది మన తెలుగు ఎన్నారైల వాట్సాప్ గ్రూపుల్లోనే. మైక్రోసాఫ్ట్, అమెజాన్ పుణ్యమా అని సియాటిల్ చుట్టుపక్కల మనవాళ్లు బోలెడుమంది. మేం చదువుకుని వచ్చాం, లైన్లో నిలబడి వచ్చాం అంటారు. ఆ లైన్ ఎక్కడ మొదలవ్వాలో, ఎక్కడ ఆగాలో గీసేది మనం కాదన్న సంగతి మాత్రం గుర్తుండదు. 2025 జనవరిలో ట్రంప్ శరణార్థుల రాకనే ఆపేస్తే నేను చూసిన గ్రూపుల్లో చడీచప్పుడు లేదు, ఒకరిద్దరు చప్పట్లు కూడా కొట్టారు. అదే ఏడాది సెప్టెంబర్‌లో కొత్త హెచ్1బీ పిటిషన్‌కి లక్ష డాలర్లు కట్టాలనగానే ఒకటే టెన్షన్, సెలవుకి ఇండియా వచ్చినవాళ్లు అర్ధరాత్రి ఫ్లైట్ టికెట్ల కోసం పరుగులు. అమెరికాని కట్టింది వలస వచ్చినవాళ్లేనన్న పోస్టులు ఆ గ్రూపుల్లో అప్పుడు మొదలయ్యాయి.